రెండు క్షణాల గైర్హాజరు

ఎసెన్‌బాయ్ వ్యాను మూడోసారి వచ్చింది.
మూడోసారీ కొచ్కోర్‌లో నా షెడ్డు ముందు
బుద్ధిగా నిలబడింది.
వైద్యుడి గడప తొక్కగానే పంటినొప్పి ఎక్కడికి పోతుందో
దాని జబ్బూ అక్కడికే పోయింది.

"కనుమ ఎక్కేటప్పుడే," అన్నాడు టోపీ నలుపుతూ.
"స్పీడు ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడుతుంది.
బండి మాత్రం పోతూనే ఉంటుంది.
తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక కుదుపు,
ఇంక మూడో గేరులోనే మొరాయిస్తుంది.
ఆపి, తాళం తీసి, ఒక సిగరెట్టు కాల్చి
మళ్ళీ తిప్పితే
ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది."

బిష్కెక్‌లో ముగ్గురు మేస్త్రీలు చూశారట.
ఒకడు నూనె మార్చాడు.
ఒకడు గేర్‌బాక్సే మార్చమన్నాడు.
మూడోవాడు "రాత్రి ఎంత పట్టించావు?" అన్నాడట.
నాలుగోదాన్ని నేను.
కంప్యూటరు తగిలిస్తే ఒకటే మాట చెప్పింది:
బయటి షాఫ్టు సెన్సరు, సంకేతం లేదు.
సెన్సరు అంది కదా అని సెన్సరు మార్చాను.
నాలుగు వేల సోములు తీసుకున్నాను.
ఆ డబ్బు సంగతి తర్వాత చెబుతాను.

ఆ సెన్సరుది పెద్ద ఉద్యోగమేం కాదు.
పళ్ళచక్రం పక్కన కూర్చుని
పన్ను దాటినప్పుడల్లా ఊఁ కొట్టాలి,
కథ వినే పిల్లాడిలా.
ఆ ఊఁలు లెక్కపెట్టుకునే
డాష్‌బోర్డు కింది పెట్టె గేర్లు మారుస్తుంది.
రెండు క్షణాలు ఊఁ వినబడకపోతే
బండి ఆగిపోయిందనుకుంటుంది పాపం,
నడికొండ మీద,
ఏడుగురు జనంతో, బంగాళాదుంపల బస్తాలతో.

ఓములు కొలిచాను, సరిగ్గా ఉన్నాయి.
వేడిగాలి కొట్టాను. బయటి మంచు తెచ్చి అద్దాను.
తీగల కట్టని ఊపాను, గిల్లాను, తిట్టాను.
ఊఁ, ఊఁ, ఊఁ.
నంగనాచి.

"నువ్వూ నమ్మట్లేదు కదూ, సైరాగుల్?"
నిజానికి సగమే నమ్ముతున్నాను.
కానీ మీటరు చెప్పేది ఆ నిమిషం సంగతి,
మనిషి చెప్పేది నెల రోజులది.
ఇన్నాళ్ళూ చెప్పేవాడి నోటి దగ్గరే కొలిచాను.
ఈసారి వినేవాడి చెవి దగ్గర,
పెట్టెలోకి వెళ్ళే తీగలకి సూదులు గుచ్చి
మీటరు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను.

వెనక నరిన్ వెళ్ళే జనం,
టికెట్టు లేని గొర్రె ఒకటి.
దొలోన్ కనుమ, మైనస్ ఇరవై రెండు,
అద్దాల మీద అందరి ఊపిరీ గడ్డకడుతోంది.
పదో మలుపు దాకా మంచి అంకెలే.
పదకొండో మలుపులో బొగ్గు లారీని దాటబోయి
అతను గట్టిగా తొక్కాడు.
ఇంజను తన దిమ్మల మీద వెనక్కి ఒరిగింది.
ఒళ్ళో అంకె సున్నా.

"అదిగో!" అని అరిచాను,
తప్పిపోయిన దూడ కనబడ్డట్టు.
వెనక ముసలమ్మ అల్లాని తలుచుకుంది.
ఎసెన్‌బాయ్ పక్కకి ఆపి స్టీరింగు మీద తలవాల్చాడు.
నవ్వాడో ఏడ్చాడో చూడలేదు,
మీటరే చూస్తున్నాను.

మర్నాడు కట్ట మీది టేపు విప్పాను.
పచ్చ తీగ. తొడుగు నిగనిగ, గీతైనా లేదు.
బెత్తెడు బెత్తెడు పట్టి మెల్లగా లాగుతూ పోయాను.
రాగి ఉన్నచోట తీగ సాగదు.
దిమ్మ దగ్గర, ఒక్కచోట, సాగింది.
లోపల రాగి ఎప్పుడో తెగింది.
తెగిన కొసలు ఆనుకునే ఉన్నాయి,
ఒకే ఇంట్లో మాటల్లేని మొగుడూపెళ్ళాల్లా.
చదునునేల మీద ఎవరికీ తెలియలేదు.

కోసి, అతికి, కాస్త వదులుంచి చుట్టాను.
వదులుండాలి.
ఇంజనన్నాక ఒరుగుతుంది, తీగే ఓర్చుకోవాలి.

నాలుగు వేలూ తిరిగిస్తే
సగమే తీసుకున్నాడు, అదీ నన్ను తిట్టి.

పాత సెన్సరు పారెయ్యలేదు.
టీపొడి డబ్బాలో ఉంది, నట్ల మధ్య.
నిన్న పని లేక దాన్ని మీటరుకి తగిలించి
పాడైన పళ్ళచక్రమొకటి ఎదురుగా పట్టి
చేత్తో తిప్పి చూశాను.
ఊఁ, అంది.
ఊఁ, ఊఁ.